ఇబ్ను కుజ్మాను కవియు విభక్తిత్యాగమును

పండ్రెండవ శతాబ్దమున అల్ అందలుసు దేశమునఁ గొర్దోబా నగరమునందుండిన ఇబ్ను కుజ్మాను అను కవినిఁ గూర్చి అరబ్బీ చరిత్రకారులొక కథ చెప్పుచు వచ్చిరి. అతఁడు మొదట లక్షణబద్ధమైన అరబ్బీ భాషలోఁ గవిత్వము చెప్పఁబూనెననియు, ఇబ్ను ఖఫాజా మొదలగు సమకాలిక కవులతో సమానుఁడు గాఁజాలనని తెలిసికొని యా త్రోవ విడిచి, తనకుఁ బోటిలేని వేఱొక త్రోవఁ ద్రొక్కెననియు, అదియే వీథిభాషలోని ‘జజల్’ అను గీతరచన యనియు ఆ కథ. అల్ హిజారీ చెప్పిన యీ మాటను పదుమూఁడవ శతాబ్దమున ఇబ్ను సయీదు తన గ్రంథమున నెక్కించినాఁడు. తరువాతివారు దానిని వల్లించిరి. వినుటకది నిరపాయముగా నున్నది. కవిని మెచ్చికొనినట్లు గూడ నున్నది. కాని దానిలో నొక సిద్ధాంతము దాఁగియున్నది. శాస్త్రభాష చేతఁగానివాఁడు లోకభాషను బట్టుకొను నను సిద్ధాంతమది. మన బడులలో వ్యాకరణము చెప్పువారిలోఁ బెక్కండ్రకు నది ప్రియమైనదే. ముప్పదియేండ్లుగాఁ గౌముది పాఠము చెప్పుచున్న నాకు నా ప్రీతి బొత్తిగా లేదనుట బొంకగును. అయినను ఇబ్ను కుజ్మాను విషయమున నా సిద్ధాంతము నిలువదు. ఎందుకు నిలువదో చూపుటకే యీ వ్యాసము.

కవి చరిత్రమునఁ దెలిసినది కొంచెమే. అబూ బక్రు ముహమ్మదు బిన్ ఈసా బిన్ అబ్దుల్ మలిక్ ఇబ్ను కుజ్మాను అని యతని పూర్తి పేరు. జన్మవత్సరము 1078 అని కొందఱు, 1086 తరువాతనే యని కొందఱు. మరణము 1160. ఈ యింటిపేరు గల మఱియొకఁడు, వయసునఁ బెద్దవాఁడు, బదహోజు రాజగు ముతవక్కిలు కొలువున నుండినాఁడు. ఈ యిరువురను నొక్కనిగాఁ దలఁచి, మన కవికి మంత్రిపదవి గట్టఁబెట్టినవారు గలరు. ఆ పదవి యితనిది కాదు. ఇతనిది కొర్దోబా వీథులలోని జీవితము. కొర్దోబాలోని ఖలీఫాల పాలనము 1031లో నంతరించినది. దాని వెనుక నెలకొన్న చిన్న రాజులు కవులను పోటీపడి పోషించిరి. 1086లో జల్లాకా యుద్ధమున గెలిచిన యూసుఫు బిన్ తాష్ఫీను వెంట ఆఫ్రికానుండి వచ్చిన మురాబితులు ఆ చిన్న రాజులను గూలఁద్రోసిరి. వీరు బెర్బరుభాష యింటివారు. అరబ్బీ ప్రౌఢకావ్యము వారి చెవికంతగా నెక్కదని నాఁటి కవులు వాపోవుచుండిరి. రాజాస్థానము మూఁతపడఁగా, కవి వాకిలి వాకిలికిఁ దిరుగవలసినవాఁడయ్యెను. ఖాజీలు, నగరాధికారులు, కలిగిన గృహస్థులు, వీరే ఇబ్ను కుజ్మానునకు దాతలు. 1148లో మువహ్హిదులు కొర్దోబా నాక్రమించుటయు నతఁడు చూచినాఁడు. తాను త్రాగుఁబోతుననియు, అప్పులవాఁడననియు, ప్రేమలో వంచితుఁడననియు గీతములలో నతఁడు చెప్పికొన్నదంతయుఁ జరిత్రమని గ్రహింపరాదు. భాణములోని విటుని మాటలను భాణకర్త చరిత్రముగాఁ జదువుదుమా? ఇతఁడు తన పేరే పాత్రకుఁ బెట్టినాఁడు, భేదమంతే.

ఇఁక విషయము. అరబ్బీ నామపదమునకు మూఁడు తుదలు గలవు. కర్తయైన ఉకారము, కర్మయైన అకారము, సంబంధార్థమున ఇకారము వచ్చును. అనిర్దిష్టమైనచో నకారము గూడఁ జేరును. మనమెఱిఁగిన ‘కితాబు’ శబ్దమునే తీసికొందము. అది లక్షణభాషలో కితాబున్, కితాబన్, కితాబిన్ అని మూఁడు రూపముల నుండును. ఈ తుదిమార్పునకు ‘ఇఅరాబు’ అని పేరు. అరబ్బు శబ్దము పుట్టిన ధాతువుననే యిదియుఁ బుట్టినది. మాటను స్పష్టపఱచుట, అరబ్బీగాఁ జేయుట యని దాని భావము. దీనికి భంగము గలిగినచో ‘లహ్ను’, అనఁగా నపశబ్దము. అరబ్బీ వ్యాకరణము పుట్టుటకే యీ లహ్ను కారణమని వారి పెద్దలు చెప్పుదురు. ధర్మగ్రంథపాఠమున లహ్ను దొరలకుండుటకై శాస్త్రము నిర్మింపఁబడినదట. రక్షయే ప్రథమప్రయోజనమన్న మన భాష్యకారుని మార్గమిది. ఎనిమిదవ శతాబ్దమున సీబవైహి రచించిన మహాగ్రంథము వారికి నష్టాధ్యాయివంటిది.

లోకులు పలుకునప్పు డీ తుదలు లేవు. మనము పుస్తకమని వ్రాసి పుస్తకం అని పలుకునట్టి కొలఁది భేదము గాదిది. రామః, రామమ్, రామస్య అను రూపములన్నిటి తుదలు నూడి, ‘రామ్’ అని యొక్కటే మిగిలినట్లు. కర్త యేదో కర్మ యేదో పదములు నిలిచిన వరుసయే చెప్పవలయును. ఈ లోకభాషలోనే పుట్టి పెరిగిన శిశువు, బడికిఁ బోయి, ఇఅరాబు నభ్యసించి, అప్పుడు గవియగును. అనఁగా నా దేశమునఁ గవిత్వమనునది నేర్చిన భాషలోఁ జెప్పునదేకాని పాలతో వచ్చిన భాషలోఁ జెప్పునది కాదు.

ఇబ్ను కుజ్మానునకు ముందే యీ కట్టునకు నొక చిన్న సందు ఏర్పడినది. అందలుసులో ‘మువష్షహము’ అను గేయకావ్యము పుట్టియుండెను. అది యంతయు లక్షణభాషలోనే నడచును; చిట్టచివరి చరణముమాత్రము, ‘ఖర్జ’ యనఁబడునది, వీథిభాషలోనో, ఆ దేశపు క్రైస్తవుల రొమాన్సు భాషలోనో యుండును. ఆ చివరి పలుకును తఱచుగాఁ గవి తన నోటఁ జెప్పక, యొక పడుచు చేతనో మత్తుఁడైన యొకని చేతనో పలికించును. ఈజిప్టు లక్షణకారుఁడు ఇబ్ను సనాయిల్ ముల్కు, ఖర్జలో ఇఅరాబు చొచ్చినచో నది మువష్షహమే కాదనునంతవఱకుఁ బోయినాఁడు; దాత పేరు చెప్పు స్తుతిపద్యములకు మాత్రము కొంత సడలింపు నిచ్చినాఁడు. ఈ వ్యవస్థ మనకుఁ గ్రొత్త కాదు. మన నాటకములందు రాజు సంస్కృతమును, రాణియుఁ జెలికత్తెయు విదూషకుఁడును బ్రాకృతమును బలుకుదురు. ప్రాకృతమునకుఁ జోటు గలదు, కాని యది పాత్ర నోటఁ జోటు. కవి సొంత గొంతునకుఁ గాదు. మువష్షహమున లోకభాషకుఁ గలిగిన గౌరవమింతే. ఆ మువష్షహములనే, వాని ఛందస్సు శాస్త్రసమ్మతము గాదని, ఇబ్ను కుజ్మాను సమకాలికుఁడు ఇబ్ను బస్సాము తన బృహత్సంకలనమున నెక్కింప నొల్లఁడయ్యెను. అట్టిచో మొదలునుండి తుదివఱకు వీథిభాషయే యైన జజల్‌నకు నాఁటి పండితసభలో నెంతటి మర్యాద యుండునో యూహింపవచ్చును.

జజల్ నిర్మాణము మన పల్లవియుఁ జరణములను బోలినది. మొదట రెండు పాదముల ‘మత్ల’ యుండును; అది పల్లవి. తరువాత నొక్కొక చరణమున మూఁడు పాదములు తమలోఁ దామొక ప్రాసము గలిగియుండి, నాలుగవది పల్లవి ప్రాసమును దిరిగి యందుకొనును. చరణము మాఱినపుడు మూఁటి ప్రాసమును మాఱును, నాలుగవదానిది మాఱదు. ఇక్కడ ప్రాసమనఁగా మన ద్వితీయాక్షర ప్రాసము గాదు, అంత్యానుప్రాసము. శ్రోతలు పల్లవి నెత్తుకొనుటకుఁ దగిన యమరిక యిది.

ఇబ్ను కుజ్మాను తన జజల్‌లను దీవానుగాఁ గూర్చి దానికొక పీఠిక వ్రాసినాఁడు. అతనినిఁ గూర్చిన సమస్తవిచారమునకు నాధారమీ పీఠికయే. తనకుముందు జజల్ చెప్పినవారిని బెక్కండ్ర నందుఁ దీసివైచినాఁడు. వారి దోషమేమి? భాష గ్రామ్యమనియా? కాదు. గ్రామ్యమున నడుమ నడుమ ఇఅరాబు దొరలించిరని! జజల్‌నందు దానిని మించిన వికారము లేదని యతని తీర్పు. పూర్వులలో అఖ్తలు బిన్ నుమారా అను నొక్కనినిమాత్రము, సహజముగాఁ జెప్పినవాఁడని కొనియాడినాఁడు. తాను జజల్‌ను ఇఅరాబునుండి విముక్తము చేసితినని గర్వముగాఁ జెప్పికొన్నాఁడు.

వైయాకరణుఁడు దీనిని మెల్లగాఁ జదువవలెను. వ్యాకరణము రానివాఁడు విభక్తిని విడుచును. కాని విభక్తి పడినచోటెల్లఁ బట్టుకొని తప్పు పట్టఁజాలఁడు. ఇతరుల గీతములలో నెచ్చట ఇఅరాబు చొచ్చినదో యేఱి చూపుటకు ఇఅరాబును గుర్తింపవలయునుగదా. వానిది స్వైరము గాదు, నియమము. సాధుశబ్దముల నడుమ నపశబ్దము దోషమని మనమందుము. అపశబ్దముల నడుమ సాధుశబ్దము దోషమని యతఁడనినాఁడు. దోషమనునది యుభయత్ర సాంకర్యమే. ఇంకొక విశేషము. ఆ పీఠికయంతయు ఇఅరాబుతోఁ గూడిన ప్రౌఢమైన లక్షణభాషలో, అంత్యప్రాసగద్యమున వ్రాయఁబడినది. విభక్తిని నిందించు వాక్యము విభక్తులతోనే నడచుచున్నది! దీనిని జూచి నవ్వినవారున్నారు. నాకది హాస్యముగాఁ దోఁపలేదు. శాస్త్రవిచారమునకొక భాష, గీతమునకొక భాష యని యతఁడు విభాగించుకొన్నాఁడు. వీథిభాషాకవినిఁ గూర్చిన యీ వ్యాసము గ్రాంథికమున నుండుట కెవరైన నాక్షేపించినచో నా సమాధానమును నదియే.

మన రాజశేఖరుఁ డిట స్మరణీయుఁడు. బాలరామాయణమంతటి సంస్కృతరూపకము వ్రాసినవాఁడు, కర్పూరమంజరి నాద్యంతము బ్రాకృతమున రచించినాఁడు. ప్రస్తావనలో సంస్కృతమేల విడిచితివను ప్రశ్న తానే యెత్తి, కావ్యత్వము భాషయందుఁ గాక యుక్తివిశేషమునందున్నదని సమాధానము పొందుపఱచినాఁడు. అతనికి సంస్కృతము చేతఁగాదని యన్నవాఁడు లేఁడు. అదే పని చేసిన కొర్దోబా కవికి మాత్ర మసామర్థ్యమంటఁగట్టితిరేల యని అల్ హిజారీ నడుగవలసియున్నది. ఇబ్ను కుజ్మాను లక్షణభాషలోఁ జెప్పిన పద్యములు కొన్ని దొరకినవి; అవి మధ్యమములని వారి విమర్శకులే యందురు. కానిండు. మధ్యమకవి యగుట వేఱు, భాష రాకుండుట వేఱు. పోలిక యిక్కడ ముగియును, భేదము గూడఁ జెప్పవలెను. రాజశేఖరుని నాఁటికిఁ బ్రాకృతము వీథిలో లేదు. వరరుచి సూత్రములతో నేర్చినది. ఇబ్ను కుజ్మాను భాషకు సూత్రకారుఁడు లేఁడు. అంగడిలో వినఁబడునదే యతనికిఁ బ్రమాణము.

ఆ భాషకు మాత్రము లోపల నొక వ్యవస్థ లేదా? రెండుదాహరణములు చాలును. లక్షణభాషలోఁ గ్రియకు ముందు నకారము చేరినచో ‘మేము’ అను బహువచనార్థము వచ్చును. నక్తుబు అనఁగా ‘వ్రాయుదుము’. అందలుసు వీథిభాషలో నా నకారమే ‘నేను’ అను నేకవచనమునకు వచ్చును. బహువచనమునకు తుద ఊకారము గూడఁ జేరును. సీబవైహి శిష్యుఁడు దీనిని విని వచనవ్యత్యయమనును. కాని యా దేశమున నెవరును దీనిఁ దడఁబడక పలుకుదురు. నేఁటికిని మొరాకో మొదలగు పశ్చిమదేశములలో నిట్లే. తప్పనునది యందఱు నొక్క తీరునఁ జేయునప్పుడు, అది సూత్రమే. రెండవది మఱింత చిత్రమైనది. ఇఅరాబు చచ్చిన యా భాషలో, ‘అన్’ అను పాఁత ద్వితీయారూప మొకచోట బ్రదికియున్నది. అనిర్దిష్టనామమునకు వెనుక విశేషణము వచ్చునప్పుడు, రెంటినిఁ గలుపుటకై నడుమ నీ ‘అన్’ వచ్చును. నామము కర్తయైనను కర్మయైనను సంబంధియైనను మార్పులేదు. విభక్తి తన యర్థమును గోలుపోయి యవ్యయమైనదన్నమాట. దీనిని ఫెదెరీకో కొరియెంతె అను స్పెయినుదేశపు పండితుఁడు చక్కఁగా నిరూపించినాఁడు.

ఈ యవ్యయముతో నొక పాఁత తగవు తీఱునని నాకుఁ దోఁచుచున్నది. పదునాలుగవ శతాబ్దమున నిరాకుదేశపు హిల్లా నగరమువాఁడు సఫీయుద్దీను అల్ హిల్లీ, తాను స్వయముగా లక్షణభాషామహాకవి, లోకభాషాగీతములకొక లక్షణగ్రంథము వ్రాసినాఁడు. ఆభరణములేనిది యాభరణవతియయ్యె నను నర్థము వచ్చునట్లు దానికిఁ బేరు పెట్టినాఁడు. ఈ గీతజాతులలో శుద్ధియే దోషమనియు, లహ్నే శుద్ధియనియు విస్పష్టముగా విధించినాఁడు. ఆ గ్రంథమున ఇబ్ను కుజ్మాను పీఠిక నెత్తి చూపి, ‘ఇట్లు శాసించినవాఁడే తన జజల్‌లలో ఇఅరాబు వాడినాఁడు, చూడుఁడు’ అని యుదాహరణము లిచ్చినాఁడు. శాసించినవానినే శాసనమునకుఁ బట్టియిచ్చుట విమర్శకునకు మిక్కిలి యిష్టమైన పని. హిల్లీ దానిని సరదాగానే చేసినాఁడు. కొన్నింట నతని మాట నిజము. దాతను స్తుతించుచోట భాష పైకెగయును, గ్రంథపుఁ బోకడ దొరలును. ఏ దేశమునను స్తుతికి నాలుక కొంచెము బిగియును. మఱికొన్నింట, తూర్పుదేశపు హిల్లీ చెవికి ద్వితీయగాఁ దోఁచినది, అందలుసువారి యీ కలుపు ‘అన్’ అయియుండునని నా యూహ. చచ్చినదానిని జూచి బ్రదికినదనుకొన్నాఁడు.

కావ్యవస్తువును గొంచెము చూతము. దీవాను వ్రాతప్రతియందు 149 జజల్‌ల సంఖ్య గలదు. చాలవానికి నొక పోకడ. మొదటఁ బ్రేమయో పానమో, పిదప దాతృస్తుతి, చివర యాచన. ఇది పూర్వుల ‘కసీదా’ పోకడయే. కాని కసీదాకవి, యెడారిలోఁ బ్రియురాలి గుడారము పెఱికిన జాడలు చూచి కన్నీరు పెట్టి, ఒంటెనెక్కి పోయి రాజును స్తుతించును. అతని తాతముత్తాతలెన్నఁడో విడిచిన యెడారి యది. ఇబ్ను కుజ్మాను కొర్దోబాలో నున్నాఁడు, పాడువడిన పేటను జూచి యేడ్చును, ఒంటె లేదు. యాచనమో, పూర్వులు బంగారము, గుఱ్ఱము నడిగిరి. ఇతఁడు బక్రీదునకుఁ బొట్టేలు నడుగును, పిండి నడుగును, చలికిఁ బైబట్ట నడుగును. పిండి ధర జజల్‌లోఁ దొంగిచూచును. దాతనాకాశమునకెత్తి యాకాశమునుండి పొట్టేలును దింపుమనుటలోఁ బుట్టు హాస్యము కేవలము వికటత్వము గాదు. కసీదాలోని మర్యాదయంతయు లోలోపల బేరమే యని యెఱిఁగినవాని నవ్వది. ఫకీహులమీఁది వెక్కిరింతలు, ఉపవాసమాసముమీఁది విసుఁగులు గలవు. అశ్లీలమును గొల్లగాఁ గలదు. బడిపిల్లలకుఁ జెప్పఁదగనివి పెక్కు. దానిని మఱుగుపఱచుట విమర్శకధర్మము గాదు, వివరించుట యీ పత్రికకుఁ దగదు. జేమ్సు మన్రో యను నమెరికా పండితుఁడు 2017లో రెండు సంపుటములలో నీ కవినిఁ బరిశీలించి, యా యపహాసముల వెనుకనున్న పన్నుగడను జూపినాఁడు, కావలసినవారు చూచుకొందురుగాక.

గ్రంథపాఠము కథ వేఱు. దీవాను ప్రతి యొక్కటియే దొరకినది. అది స్పెయినులోఁ గాదు, పాలస్తీనాలోని సఫదు పట్టణమునఁ బదుమూఁడవ శతాబ్దమున వ్రాయఁబడినది. నేఁడు రుష్యాలో సెంటు పీటర్సుబర్గునఁ గలదు. 1896లో గుంజుబర్గు దానికి ఛాయాముద్రణము చేయించినాఁడు. 1933లో నికల్ లాటిను లిపిలోఁ బ్రకటించినాఁడు. 1972లో గార్సియా గోమెజు మూఁడు సంపుటములలోను, 1980లోఁ గొరియెంతె వేఱొక రీతినిని దానిని సంస్కరించిరి. సఫదులోని వ్రాయసకానికి అందలుసు వీథిభాష రాదు. తెలియనిచోట నతఁడు తనకుఁ దెలిసిన రూపము వ్రాసియుండును. అరబ్బీలిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయఁబడవు గనుక, విభక్తిచిహ్నములైన ఉకార అకార ఇకారము లున్నవో లేవో యనేకస్థలముల లిపి చెప్పదు. చెప్పవలసినది ఛందస్సు.

ఆ ఛందస్సేమో తగవులో నున్నది. ఖలీలు ఎనిమిదవ శతాబ్దమున నేర్పఱచిన వృత్తములు మనవానివలెనే గురులఘువులమీఁద నడచును. అందలుసు వీథిభాషలో దీర్ఘహ్రస్వభేదము క్షీణించి, ఊనిక ప్రధానమైనది. గార్సియా గోమెజు మతమున జజల్‌లు ఖలీలు వృత్తములు గావు. స్పానిషు పద్యమువలె నక్షరసంఖ్యతో నడచునవి. కొరియెంతె మతమున నవి ఖలీలు వృత్తములే. గురువున్నచోటికి ఊనిక వచ్చి కూర్చున్నది, అంతియే. మొదటి మతమును బట్టినవారు జజల్‌ను దేశీయమనియు, దానినుండియే దక్షిణఫ్రాంసు త్రుబదూరుల గీతములు పుట్టినవనియు జెప్పుట కుత్సాహపడిరి. 1912లో రిబేరా స్పెయిను విద్వత్పరిషత్తున నీ వాదము నెత్తినాఁడు. ఆ వివాదమునకు నే దూరను. నాకుఁ గావలసినది వేఱు. ఒకచోట విభక్తియచ్చు నుంచవలెనా తీయవలెనా యనుటకు ఛందస్సు ప్రమాణము. ఛందస్సేదో నిశ్చయించుటకుఁ బాఠము ప్రమాణము. ఇది యన్యోన్యాశ్రయము. దీనిలోఁ గవి పీఠికయే యొక తులాదండము. ఇఅరాబు కూడదని కవి ప్రతిజ్ఞ చేసినాఁడు గనుక, సందేహమున్నచోట విభక్తిలేని పాఠమే గ్రాహ్యము. కర్తృప్రతిజ్ఞ పాఠనిర్ణయమున బలవత్తరమను న్యాయము మన పరిష్కర్తలకును గ్రొత్త గాదు. దానిని బట్టి చదివినచోఁ గొరియెంతె మతమే నాకు యుక్తముగాఁ గనఁబడుచున్నది. పీఠిక నంతటి చదువుతో వ్రాసినవాఁడు, చెవిలో మ్రోగుచున్న వృత్తములను విడిచి లెక్కపెట్టుకొని పాడెననుట కంటె, వానినే తన నాలుకకు వంచుకొన్నాఁడనుట సుకరము.

జజల్ త్వరగాఁ బ్రాకినది. ఇబ్ను కుజ్మాను జజల్‌లను పశ్చిమనగరములలోకంటె బాగ్దాదులోనే యెక్కువగా వింటినని ఇబ్ను సయీదు వ్రాసినాఁడు. పదుమూఁడవ శతాబ్దమున అందలుసువాఁడే యగు షుష్తరీ యను సూఫీ, పానశాలలోని యీ మట్టునే పట్టి పరతత్త్వమును బాడినాఁడు. లెబనానులో నేఁటికిని జజల్ పేర నాశుగానసభలు జరుగుచున్నవి. 2014లో యునెస్కోవారు దానిని లోకవారసత్వపుఁ గళల పట్టికలోఁ జేర్చిరి. ఈజిప్టులో బైరం అత్తూనిసీ (1893–1961) వఱకు నీ పరంపర వచ్చినది. అతనినిఁ గూర్చి వేఱుగా వ్రాయవలెను.

శాస్త్రదృష్టితో నీ కవికి న్యాయము చేసినవాఁడు ఇబ్ను ఖల్దూను. 1377లో రచించిన ప్రసిద్ధమైన పీఠికాగ్రంథముయొక్క చివరి భాగమున లోకభాషాకవిత్వమును విచారించి, ఇబ్ను కుజ్మానును జజల్‌కారులకు నగ్రేసరునిగా నిలిపినాఁడు. తన కాలపుఁ బండితులు లోకభాషాపద్యములను ఇఅరాబు లేదను నొక్క కారణమునఁ ద్రోసివైచుట చూచి, కావ్యసౌందర్యమునకును ఇఅరాబునకును సంబంధములేదని యతఁడు వాదించినాఁడు. వారి ‘బలాగ’ యనఁగా, మాట తాత్పర్యమునకును సందర్భమునకును దగియుండుట. కర్త ఉకారముచేఁ దెలిసిన నేమి, వరుసచేఁ దెలిసిన నేమి, తెలిసినఁ జాలును. ఇది మన క్షేమేంద్రుని యౌచిత్యమునకుఁ దోఁబుట్టువు. గ్రామ్యత్వము దోషమని చెప్పిన మన యాలంకారికులే, యది యనిత్యదోషమనియు, వక్తృవిషయములు తగినచో గుణమగుననియు నొప్పికొనిరి. భోజుఁడు దానికి వైశేషికగుణమని పేరు పెట్టినాఁడు.

ఇబ్ను ఖల్దూను ఉదాహరించిన యొక్క చరణమును జూచి విరమింతును. కవియు మిత్రులును నొక తోఁటకుఁ బోయి పందిరి క్రిందఁ గూర్చుండిరట. ఎదుట నొక చలువరాతి సింహము. దాని నోటినుండి నీరు పలకలమీఁదికి దుముకుచున్నది. కాలి పిక్కంత లావైన పామును సింహము మ్రింగినదని నీటిధారను వర్ణించి, నోరు తెఱచిన తీరునకు మనుష్యునొకని నుపమానముగాఁ దెచ్చినాఁడు. ఎట్టి మనుష్యుఁడు? ‘ఫువాకు’ పట్టినవాఁడు. ఆ శబ్దమునకు నెక్కిలియు నర్థమే, ప్రాణోత్క్రమణమున వచ్చు నెగయూర్పును నర్థమే. అనువాదకులలోఁ గొందఱు రెండవదానిఁ గైకొని, చచ్చువాని నోరన్నారు. నా కెక్కిలియే సమ్మతము. తోఁటలో, మిత్రుల నడుమ, పానగోష్ఠికి వచ్చినవాఁడు చావును దలఁచుట కేమి ప్రసక్తి? పైగా గొట్టమునుండి యాగి యాగి చిమ్ము నీటికిఁ జచ్చువాని శ్వాసకంటె నెక్కిలియే యెక్కువ సదృశము. లక్షణభాషాకవియైనచో సింహమునకు వీరుని, మేఘమును, వరదహస్తమును దెచ్చియుండును. ఇబ్ను ఖఫాజా యుద్యానవర్ణనము లట్టివే, రమ్యములే. ఎక్కిలిపట్టిన మనుష్యుని సింహమునకుఁ బోల్చు ధైర్య మా భాషలో నెవ్వఁడును జూపలేఁడు. ఉపమావాచకము గూడ ‘బిహాలు’ అను వీథిమాటయే. ‘వంటి’ యని దాని యర్థము, నేఁటికిని మొరాకోవారి నోట నున్నది. ఆ యుపమానము నీ యుపమావాచకమే మోయఁగలదు. ఇఅరాబును జేర్చి, వాచకమును మార్చి, వృత్తమును సరిచేసినచో నర్థమంతయు నుండును, సింహము మాత్రము కదలదు. దీనినిఁ దెలుఁగు చేయువాఁ డెవఁడైన నుండినచో, ‘హిక్కాగ్రస్తుఁడైన నరునివలె’ నని వ్రాయకుండునుగాక. ఎక్కిలి యను మంచిమాట మన కున్నది.